128 ప్రశ్నల కంటే ముందు 913 రోజులు

అమెరికాలో గ్రీన్‌కార్డు మీద ఉన్న తెలుగు ఇళ్ళలో పౌరసత్వం మాట రాగానే అందరి నోటా వచ్చే అంకె 128. పరీక్షకు చదవాల్సిన ప్రశ్నలు అన్ని. అమ్మానాన్నలు ఆ కాగితాలు ముందేసుకుని కంఠతా పట్టడం మొదలుపెడతారు. పిల్లలు ఫోన్‌లో ప్రశ్నలు చదివి వినిపిస్తుంటారు. ఇదంతా అవసరమే. కానీ పౌరసత్వ దరఖాస్తు నిలబడేదీ, పడిపోయేదీ ఎక్కువగా వేరే అంకెల మీద: దేశంలో ఎన్ని రోజులు ఉన్నారు, ఒక్కో ప్రయాణం ఎన్నాళ్ళు సాగింది, ఫారంలో రాసిందీ నోటితో చెప్పిందీ ఒకటేనా. పరీక్ష తప్పితే అదే దరఖాస్తు మీద రెండో అవకాశం ఉంటుంది. రోజుల లెక్క తప్పితే ఉండదు.

2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా సుమారు 8,18,500 మందికి పౌరసత్వం ఇచ్చింది. వారిలో సుమారు 49,700 మంది భారతీయులు. మెక్సికో తర్వాత రెండో స్థానం మనదే. మనవాళ్ళలో చాలామంది హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద వచ్చి, ఏళ్ళ తరబడి గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసినవాళ్ళు. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000 ఉంటే, ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ సాధారణంగా 7 శాతానికి మించి ఇవ్వరు. అంత నిరీక్షణ తర్వాత ఆఖరి మెట్టు మీద కాలు జారకూడదు. అందుకే ఈ వివరం.

మొదటి లెక్క: గ్రీన్‌కార్డు మీది తేదీ

గ్రీన్‌కార్డు మీద ‘రెసిడెంట్ సిన్స్’ అని ఒక తేదీ ఉంటుంది. లెక్క మొదలయ్యేది అక్కడే. ఆ తేదీ నుంచి 5 ఏళ్ళు నిండాలి. అమెరికా పౌరుణ్ణి లేదా పౌరురాలిని పెళ్ళి చేసుకుని, 3 ఏళ్ళుగా వారితో కలిసి కాపురం చేస్తున్నవారికి 3 ఏళ్ళు చాలు. దరఖాస్తు ఫారం పేరు ఎన్-400. దాన్ని గడువుకు 90 రోజుల ముందే పంపవచ్చు. ఉదాహరణకు 2021 ఏప్రిల్ 10న గ్రీన్‌కార్డు వచ్చినవారికి 2026 ఏప్రిల్ 10కి 5 ఏళ్ళు నిండుతాయి. 2026 జనవరి 10 నుంచే వారు దరఖాస్తు చేయవచ్చు. ఒక్క రోజు తొందరపడి పంపినా దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు. కాబట్టి వారం రోజులు ఆగి పంపడం క్షేమం.

దరఖాస్తుదారుకు 18 ఏళ్ళు నిండి ఉండాలి. దరఖాస్తు పంపే ముందు కనీసం 3 నెలలు అదే రాష్ట్రంలో నివాసం ఉండాలి. ఇల్లు మారిన 10 రోజుల్లోగా కొత్త చిరునామాను పౌరసత్వ, వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు తెలపాలి. ఉద్యోగం కోసం డాలస్ నుంచి అట్లాంటాకో, న్యూజెర్సీ నుంచి ఫీనిక్స్‌కో మారే మన కుటుంబాలు మరిచిపోయేది ఇదే.

18 ఏళ్ళలోపు పిల్లల సంగతి వేరు. పిల్లలకు గ్రీన్‌కార్డు ఉండి, తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై, ఆ పిల్లలు వారి సంరక్షణలో అమెరికాలోనే ఉంటుంటే, 2000 నాటి బాలల పౌరసత్వ చట్టం ప్రకారం వారికి తమంతట తామే పౌరసత్వం వస్తుంది. పరీక్షా లేదు, ఇంటర్వ్యూ లేదు. కానీ తల్లి లేదా తండ్రి ప్రమాణం చేసే నాటికి బిడ్డకు 18 నిండిపోతే ఆ దారి మూసుకుపోతుంది. ఇంట్లో 16, 17 ఏళ్ళ పిల్లలున్నవారు అర్హత వచ్చాక ‘తర్వాత చూద్దాంలే’ అనుకోకూడదు.

913, 180, 365: ప్రయాణాల లెక్క

5 ఏళ్ళ కాలంలో సగం, అంటే 30 నెలలు, అమెరికా నేల మీద ఉండాలి. రోజుల్లో అది 913. పెళ్ళి ద్వారా 3 ఏళ్ళకు దరఖాస్తు చేసేవారికి 18 నెలలు, అంటే 548 రోజులు. విమానం ఎక్కిన రోజు, తిరిగి దిగిన రోజు రెండూ అమెరికాలో ఉన్నట్టే లెక్క.

మొత్తం రోజులు సరిపోయినంత మాత్రాన పని అయిపోలేదు. ఒక్కో ప్రయాణం ఎంత కాలం సాగిందన్నది వేరే లెక్క. 6 నెలలు దాటి, ఏడాదిలోపు బయట ఉంటే నివాసం తెగినట్టు అధికారులు భావిస్తారు. తెగలేదని నిరూపించుకునే భారం మనది: ఇల్లు అలాగే ఉందని, ఉద్యోగం మానలేదని, కుటుంబం ఇక్కడే ఉందని కాగితాలు చూపాలి. ఏడాది లేదా అంతకు మించి బయట ఉంటే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. 5 ఏళ్ళ లెక్కలో ఉన్నవారు తిరిగొచ్చాక కనీసం 4 ఏళ్ళ ఒక రోజు ఆగాలి. అప్పటికీ పాత ప్రయాణం గురించి సమాధానం చెప్పుకోవాల్సి రావచ్చు.

మన పెద్దవాళ్ళు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటున్నారు. పిల్లలు పౌరులయ్యాక తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు చేయిస్తారు. వాళ్ళు చలికాలం రాగానే విజయవాడకో, వరంగల్‌కో వెళ్ళిపోయి ఎండలు ముదిరాక తిరిగొస్తారు. ఏటా 150 రోజులు అక్కడ ఉంటే 5 ఏళ్ళలో 750 రోజులు. మొత్తం 1,826 రోజుల్లో 1,076 అమెరికాలో గడిపినట్టు. 913 దాటింది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఒక ఏడాది ఇంట్లో పెళ్ళి, ఆ వెంటనే ఆస్పత్రి, అలా ఉండిపోవడం 8 నెలలకు సాగితే మొత్తం రోజులు సరిపోయినా నివాసం ప్రశ్నార్థకమవుతుంది.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. ఎక్కువ కాలం బయట ఉండేందుకు రీఎంట్రీ పర్మిట్ తీసుకుంటే అన్నీ సర్దుకుంటాయని చాలామంది నమ్ముతారు. అది గ్రీన్‌కార్డును కాపాడటానికి పనికొస్తుంది. పౌరసత్వానికి కావాల్సిన నివాస కాలాన్ని కాపాడదు. దరఖాస్తు పంపాక కూడా ప్రమాణం అయ్యేదాకా ఈ నివాస నియమం వర్తిస్తూనే ఉంటుంది.

50/20, 55/15, 65/20: వయసు ఒక్కటే చాలదు

‘మా నాన్నకు 70 దాటాయి, ఇంగ్లిష్ అడగరట కదా’ అన్న మాట తరచూ వింటుంటాం. అది సగం నిజం. వయసుతో పాటు గ్రీన్‌కార్డుకు ఎన్నేళ్ళయిందన్నదీ చూస్తారు. 50 ఏళ్ళు నిండి గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్ళు గడిచినా, 55 నిండి 15 ఏళ్ళు గడిచినా ఇంగ్లిష్ పరీక్ష ఉండదు. పౌరశాస్త్ర ప్రశ్నలకు తెలుగులోనే జవాబు చెప్పవచ్చు, దుబాసీని వెంట తీసుకెళ్ళవచ్చు. 65 నిండి 20 ఏళ్ళు గడిచినవారికి ఇంకా వెసులుబాటు ఉంది. 128 ప్రశ్నల బదులు నక్షత్రం గుర్తున్న 20 ప్రశ్నలే చదువుకుంటే చాలు. 10 అడుగుతారు, 6 సరిగ్గా చెప్పాలి.

60వ ఏట గ్రీన్‌కార్డు వచ్చిన తల్లి లెక్క వేద్దాం. 65కి ఆమె దరఖాస్తు చేయవచ్చు, కానీ ఇంగ్లిష్ తప్పదు. 55/15 వెసులుబాటు ఆమెకు వచ్చేది 75కి. 20 ప్రశ్నల వెసులుబాటు వచ్చేది 80కి. అంటే పదవీ విరమణ తర్వాత వచ్చిన మన తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ మినహాయింపులు దగ్గర్లో లేవు. 65లోనే పౌరసత్వం కావాలంటే ఇంగ్లిష్ నేర్చుకోవాల్సిందే. జబ్బు వల్లో, వైకల్యం వల్లో నేర్చుకోలేని స్థితి ఉంటే వైద్యుడు ఎన్-648 అనే ఫారం నింపాలి. ఆ స్థితి కనీసం 12 నెలలుగా ఉండాలి, లేదా అంత కాలం ఉంటుందని వైద్యుడు తేల్చాలి. నేర్చుకోవడానికి అది ఎలా అడ్డుపడుతోందో వివరంగా రాయాలి. ముసలితనం ఒక్కటే కారణమంటే ఒప్పుకోరు.

128లో 20, ఆ 20లో 12

2025 అక్టోబరు 20న గానీ ఆ తర్వాత గానీ దరఖాస్తు పంపినవారికి కొత్త పరీక్ష పెడతారు. అంతకు ముందు పంపినవారికి 2008 నాటి పాత పరీక్షే: 100 ప్రశ్నల్లోంచి 10 అడుగుతారు, 6 చెప్పాలి. కొత్తదానిలో 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 చెప్పాలి. రెండింటిలోనూ ఉత్తీర్ణత 60 శాతమే. కొత్త పరీక్షలో 12 సరైన జవాబులు రాగానే ఆఫీసర్ ఆపేస్తారు. 9 తప్పులైనా ఆపేస్తారు. పరీక్ష అంతా నోటితోనే. గుర్తుపట్టి టిక్కు పెట్టేందుకు ఎంపికలేవీ ఉండవు.

128 ప్రశ్నలు మూడు భాగాలు: ప్రభుత్వం 72, చరిత్ర 46, చిహ్నాలు, సెలవులు 10. సగం కంటే ఎక్కువ ప్రభుత్వం మీదే కనుక చదువు అక్కడే మొదలుపెట్టాలి.

ఎంతవరకు చదివితే సరిపోతుంది? 128లో 77 మాత్రమే, అంటే 60 శాతం, వచ్చినవారు గట్టెక్కే అవకాశం నూటికి దాదాపు 60. ఏ ప్రశ్నలు తగులుతాయన్న అదృష్టం మీద ఆధారపడినట్టే. 96 వస్తే ఆ అవకాశం నూటికి సుమారు 97కి చేరుతుంది. 115 వస్తే పరీక్ష గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. కాబట్టి 128కి 128 రాలేదని నిద్ర మానుకోవద్దు. 77తో ధీమా పడొద్దు. 100 దాటించడం లక్ష్యంగా పెట్టుకోండి.

కొన్ని ప్రశ్నలకు చాలా జవాబులు ఇచ్చి ఉంటారు. ‘ఒకటి చెప్పండి’ అన్నప్పుడు ఒక్కటి చాలు, పలకడానికి తేలికైనది ఎంచుకుని అదే నేర్చుకోవాలి. మొదటి 13 రాష్ట్రాల్లో అయిదు చెప్పమంటే మాత్రం అయిదూ చెప్పాలి. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, స్పీకర్, మీ రాష్ట్ర గవర్నర్, సెనెటర్ల పేర్లు ఎన్నికలతో మారిపోతాయి. పాత పుస్తకంలోంచి కాక, ఇంటర్వ్యూ వారంలో యూఎస్‌సీఐఎస్ సైట్‌లో చూసుకుని వెళ్ళాలి.

మన రాజ్యాంగం పక్కన పెట్టి చదివితే

తెలుగు పెద్దలకు ఒక బలం ఉంది, దాన్ని ఎవరూ సరిగ్గా వాడుకోవడం లేదు. ఎన్నికలు, అసెంబ్లీ, పార్లమెంటు రాజకీయం మన పెద్దలకు కొట్టిన పిండి. అమెరికా వ్యవస్థను దాని పక్కన పెట్టి చెబితే అంకెలు ఇట్టే గుర్తుండిపోతాయి.

మన రాజ్యసభ లాంటిది సెనెట్. రెండింటిలోనూ సభ్యుడి కాలం 6 ఏళ్ళు, రెండేళ్ళకోసారి మూడో వంతు మారుతుంది. రెండింటికీ అధ్యక్షత వహించేది ఉపరాష్ట్రపతి లేదా ఉపాధ్యక్షుడే. తేడా సీట్లలో ఉంది. రాజ్యసభలో జనాభాను బట్టి ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7. సెనెట్‌లో చిన్న రాష్ట్రానికైనా పెద్ద రాష్ట్రానికైనా 2 సీట్లే. 50 రాష్ట్రాలు కనుక 100 మంది సెనెటర్లు. లోక్‌సభ లాంటిది ప్రతినిధుల సభ: అక్కడ 543, ఇక్కడ 435. అక్కడ 5 ఏళ్ళు, ఇక్కడ 2 ఏళ్ళు. రెండు చోట్లా సభను నడిపేది స్పీకర్.

భారత సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 65కి పదవీ విరమణ చేస్తారు. అమెరికాలో 9 మంది, జీవితాంతం ఉండవచ్చు. అమెరికా రాజ్యాంగం రాసింది 1787లో, ఇప్పటికి సవరణలు 27 మాత్రమే. వాటిలో మొదటి 10 సవరణలే హక్కుల పత్రం. 1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగానికి సవరణలు 100 దాటాయి. రెండు దేశాల్లోనూ ఓటు హక్కు 18 ఏళ్ళకు. రెండు రాజ్యాంగాల ప్రవేశికలూ ప్రజల పేరుతోనే మొదలవుతాయి. అధికారం ప్రజలదేనని మన పెద్దలకు విడమరిచి చెప్పనక్కర్లేదు. దాన్ని చిన్న ఇంగ్లిష్ వాక్యంలో పెట్టడం నేర్పిస్తే చాలు.

ఇంగ్లిష్: 3లో 1

చదవడానికి 3 వాక్యాలు ఇస్తారు, ఒక్కటి సరిగ్గా చదివితే చాలు. ఆఫీసర్ చెప్పినవి రాయడానికీ 3 అవకాశాలు, ఒక్కటి అర్థమయ్యేలా రాస్తే చాలు. ఈ వాక్యాల్లో వచ్చే పదాల జాబితాలను యూఎస్‌సీఐఎస్ ఉచితంగా ఇస్తుంది. మన యాస ఉందని ఎవరూ మార్కులు తగ్గించరు. చిన్న అక్షరదోషం వల్ల వాక్యం అర్థం చెడకపోతే పట్టించుకోరు.

మాట్లాడే ఇంగ్లిష్‌కు వేరే పరీక్ష లేదు. ఇంటర్వ్యూనే ఆ పరీక్ష. చాలామంది తడబడేది ఇక్కడే, ఎందుకంటే దీనికోసం విడిగా ఎవరూ సిద్ధం కారు.

ఇంటర్వ్యూ: ఫారమే అసలు పాఠ్యపుస్తకం

ఆఫీసర్ ముందుగా నిజమే చెబుతామని ప్రమాణం చేయిస్తారు. తర్వాత ఎన్-400 ముందుంచుకుని ఒక్కో జవాబును తరచి అడుగుతారు. పేరు, చిరునామాలు, ఉద్యోగాలు, ప్రయాణాలు, పెళ్ళి, పిల్లలు, పన్నులు. ఆ తర్వాత ‘ఎప్పుడైనా’ అని మొదలయ్యే ప్రశ్నల వరుస వస్తుంది: అరెస్టయ్యారా, పన్ను ఎగ్గొట్టారా, హింసాత్మక బృందంలో ఉన్నారా, అబద్ధం చెప్పి ప్రయోజనం పొందారా. అన్నిటికీ ‘నో’ అంటూ తలూపుకుంటూ పోతే ఆఫీసర్ మధ్యలో ఆపి, ఈ మాటకు అర్థమేమిటో చెప్పమనవచ్చు. కాబట్టి ఫారంలోని ప్రతి కష్టమైన మాటకూ తెలుగులో అర్థం, ఇంగ్లిష్‌లో నాలుగు తేలిక మాటల వివరణ సిద్ధంగా ఉండాలి. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని మర్యాదగా అడగవచ్చు. అది తప్పు కాదు. ఊహించి జవాబు చెప్పడమే తప్పు.

ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సినవి మూడు. మొదటిది ఓటు. డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేటప్పుడు ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగితే తెలియక ‘యస్’ అన్నవారున్నారు. పౌరులు కాకుండా పేరు నమోదు చేయించుకోవడం, ఓటు వేయడం పెద్ద చిక్కు. అలా జరిగి ఉంటే దరఖాస్తుకు ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవాలి. రెండోది సెలెక్టివ్ సర్వీస్, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలిచేందుకు ఉంచే పేర్ల జాబితా. 18 నుంచి 26 ఏళ్ళ మధ్య గ్రీన్‌కార్డు మీద అమెరికాలో ఉన్న మగపిల్లలు అందులో నమోదు కావాలి. తల్లిదండ్రుల హెచ్-1బీ మీద ఆధారపడిన హెచ్-4 వీసాలో ఉన్నంతకాలం ఆ అవసరం లేదు. గ్రీన్‌కార్డు వచ్చిన రోజు నుంచి ఉంటుంది. మూడోది పోలీసు, కోర్టు కేసులు. కొట్టేసిన కేసైనా దాచకూడదు, కోర్టు కాగితం జతచేయాలి. పాత తప్పు కన్నా దాన్ని దాచడం ఎక్కువ చేటు చేస్తుంది.

2025 ఆగస్టులో వచ్చిన మార్గదర్శకాలతో ‘మంచి నడవడి’ పరిశీలన మరింత లోతైంది. తప్పు చేయకపోవడం ఒక్కటే కాదు, పన్నులు కట్టడం, కుటుంబ బాధ్యత, సమాజానికి చేసిన మేలు కూడా చూస్తారు. గుళ్ళో, బడిలో, ఆహార బ్యాంకులో చేసిన సేవకు కాగితం ఉంటే దగ్గర పెట్టుకోండి.

తీసుకెళ్ళాల్సినవి: గ్రీన్‌కార్డు, ఇంటర్వ్యూ నోటీసు, డ్రైవింగ్ లైసెన్సు, కాలం తీరినవాటితో సహా పాస్‌పోర్టులన్నీ, పన్ను రికార్డులు, పెళ్ళి లేదా విడాకుల పత్రాలు. పాస్‌పోర్టు స్టాంపులతో సరిచూసిన ప్రయాణాల పట్టిక ఒకటి చేతిలో ఉంటే తేదీల దగ్గర నోరు తడబడదు.

తప్పితే 60 నుంచి 90 రోజులు

ఇంటర్వ్యూ చివర ఫలితం రాసిన ఎన్-652 కాగితం ఇస్తారు. ఇంగ్లిష్‌లోనో, పౌరశాస్త్రంలోనో తప్పితే 60 నుంచి 90 రోజుల్లోపు మళ్ళీ పిలుస్తారు. తప్పిన భాగం ఒక్కటే పెడతారు. రెండోసారీ తప్పితే దరఖాస్తును తిరస్కరిస్తారు. దాని మీద 30 రోజుల్లోపు ఎన్-336 ఫారంతో పునర్విచారణ కోరవచ్చు, లేదా మళ్ళీ ఫీజు కట్టి కొత్త దరఖాస్తు పెట్టుకోవచ్చు. పరీక్ష తప్పినంత మాత్రాన గ్రీన్‌కార్డు పోదు. ఇంటర్వ్యూ అయ్యాక 120 రోజులైనా నిర్ణయం రాకపోతే ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్ళే హక్కు చట్టం ఇచ్చింది.

ఫీజు 2024 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద 760. కుటుంబ ఆదాయం ఫెడరల్ పేదరిక ప్రమాణానికి 4 రెట్లు మించనివారికి 380 డాలర్లే. పిల్లల ఇంట్లో ఉండే తల్లిదండ్రుల విషయంలో కుటుంబ ఆదాయంగా ఎవరి సంపాదన లెక్కకొస్తుందో ఫారం సూచనల్లో చదివి తెలుసుకోవాలి. ఫీజులు మారుతుంటాయి, పంపే రోజున మరోసారి చూసుకోండి.

ప్రమాణం చేసిన మరుక్షణం

ఇంటర్వ్యూ గట్టెక్కితే పౌరులైనట్టు కాదు. ప్రమాణ స్వీకారం చేసినప్పుడే అవుతారు. ఆ రోజు ఎన్-445 కాగితంలో, ఇంటర్వ్యూ తర్వాత ప్రయాణం చేశారా, కేసు ఏదైనా వచ్చిందా అని అడుగుతారు. గ్రీన్‌కార్డు అప్పగించి పౌరసత్వ ధ్రువపత్రం తీసుకుంటారు.

అదే క్షణంలో భారత పౌరసత్వం ముగుస్తుంది. 1955 నాటి భారత పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం మరో దేశపు పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకున్నవారు భారత పౌరులు కారు. భారత పాస్‌పోర్టు మీద ఇంకా ఎన్నేళ్ళ గడువున్నా దానితో ప్రయాణించకూడదు. దాన్ని అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకున్నాకే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు దరఖాస్తు. ఓసీఐ ఉంటే వీసా లేకుండా జీవితాంతం రావచ్చు, ఉండవచ్చు. ఓటు ఉండదు, ఎన్నికల్లో నిలబడలేరు, వ్యవసాయ భూమి కొనలేరు. వారసత్వంగా వచ్చే పొలం మాట వేరు. ఊళ్ళో ఎకరమో రెండెకరాలో కొనాలన్న ఆలోచన ఉన్న పెద్దలకు ఈ సంగతి దరఖాస్తుకు ముందే చెప్పాలి. పౌరసత్వం తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయం వాళ్ళది. తెలిసి తీసుకునే హక్కూ వాళ్ళది.

ఎనిమిది వారాల చదువు

128ని 8తో భాగిస్తే వారానికి 16. రోజుకు మూడేసి ప్రశ్నలు, ఆదివారం మళ్ళీ ఒకసారి అన్నీ. ఈ ఎనిమిది వారాలు మొదలుపెట్టే ముందు ఒక వారం ప్రశ్నల జోలికే వెళ్ళకుండా పాస్‌పోర్టులు తీసి ప్రయాణాల పట్టిక రాయండి. ఆ తర్వాత రోజూ ఓ పది నిమిషాలు ఫారంలోని ప్రశ్నలు, ఓ పది నిమిషాలు పౌరశాస్త్రం. ప్రశ్నల ఆడియో, పదాల జాబితాలు యూఎస్‌సీఐఎస్ దగ్గర ఉచితంగా దొరుకుతాయి. చాలా ఊళ్ళలో గ్రంథాలయాలు పౌరసత్వ తరగతులు నడుపుతాయి. వందల డాలర్లు పోసి కోర్సులు కొనాల్సిన పని లేదు.

పిల్లలకు ఒక్క మాట. అమ్మానాన్నల చేతిలో 128 ప్రశ్నల కాగితం పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోకండి. మీరే ఆఫీసర్‌గా కూర్చుని ఇంగ్లిష్‌లో అడగండి. వాళ్ళు తడబడితే విసుక్కోకండి, జవాబు మీరు అందించేయకండి. రోజుకు 20 నిమిషాలు చాలు. అదీ ఇప్పుడే, వాళ్ళ తిరుగు ప్రయాణం టికెట్ కొనకముందే మొదలుపెట్టండి.